'నేనుతో' అనవు కదా చెల్లీ, ఇంగ్లీషులోనూ అంతే

మారతహళ్ళి నుంచి ఒక చెల్లెలు రాసింది. పొడుగ్గా ఉంటే కాస్త కుదించాను, మాటలు మాత్రం తనవే:

"అక్కా, మాది కదిరి దగ్గర పల్లె. పది దాకా తెలుగు మీడియం. బెంగళూరు వచ్చి రెండేళ్ళయింది, పీజీలో ఉంటూ కస్టమర్ సపోర్టులో పని చేస్తున్నా. మాట్లాడటం ఎలాగో లాక్కొస్తా గానీ మెయిల్ రాయాలంటే టెన్షన్. పోయిన వారం ఈ మూడు వాక్యాలు రాశా: 'ద క్లయింట్ స్పోక్ టు రవి అండ్ ఐ. వి డిస్కస్డ్ అబౌట్ ద ప్రాబ్లమ్ విత్ ద క్లయింట్. వన్ ఆఫ్ మై టీమ్‌మేట్ ఆర్ ఫిక్సింగ్ ఇట్.' మా టీమ్ లీడ్ అందరూ ఉన్న గ్రూపులో పెట్టి మూడూ తప్పే అంది. 'మి' అంటే మోటుగా ఉంటుంది, 'ఐ' అనాలి అని కదా మాకు బళ్ళో చెప్పారు? ఇన్, ఆన్, ఎట్ కూడా ఎక్కడ ఏది పెట్టాలో అర్థం కాదు. తెలుగులో ఆలోచించడం మానేస్తే గానీ ఇంగ్లీషు రాదు అంటోంది మా రూమ్మేట్. నిజమేనా అక్కా?"

చెల్లీ, ముందు నీ ఆఖరి ప్రశ్న తీసుకుంటా. నిజం కాదు. తెలుగులో ఆలోచించడం మానక్కర్లేదు. నీ మూడు వాక్యాల్లో రెండు తప్పులు, నువ్వు తెలుగులో ఆలోచించి ఉంటే అసలు పడేవే కావు. ఒక్క తప్పు మాత్రం తెలుగు వల్లే పడింది, దాని దగ్గరికి తర్వాత వస్తా.

కె.ఆర్.పురంలో మా పక్కింట్లో ఒక పిల్లాడున్నాడు, మూడున్నరేళ్ళు. మొన్న ఆదివారం వాళ్ళమ్మ గుమ్మంలో చాట పెట్టుకుని అనపకాయలు ఒలుస్తోంది. వీడు పక్కనే నిలబడి "నేనుకి కావాలి, నేనుకి కావాలి" అని ఒకటే గోల. ఆ అమ్మాయి తలెత్తకుండానే "నేనుకి కాదు నాన్నా, నాకు" అంది, నాలుగు కాయలు తీసి వాడి చేతిలో పెట్టింది. వాడు "నాకు" అని కాయలు పట్టుకుని పరిగెత్తాడు. అంతే పాఠం. వాడికి ఎవరూ రూలు చెప్పలేదు, ఇంకో రెండు నెలల్లో వాడు 'నేనుకి' అనడం మానేస్తాడు, ఆ తర్వాత జన్మలో అనడు.

ఆ అమ్మాయి దిద్దిన తప్పూ, మీ టీమ్ లీడ్ దిద్దిన తప్పూ ఒకటే.

'నేను' పక్కన కి, తో, మీద, కోసం, వల్ల, గురించి, వీటిలో ఏది వచ్చినా అది 'నేను'గా నిలవదు. నాకు, నాతో, నా మీద, నా కోసం అయిపోతుంది. నువ్వు అయితే నీతో, మేము అయితే మాతో, వాడు అయితే వాడితో. 'ఆమె', 'ఆయన' లాంటివి మాత్రం కదలవు: ఆమెకు, ఆమెతో, ఆమె మీద. మామూలు పేర్లలోనూ ఈ మార్పు ఉంది, ఇల్లు అంటాం గానీ ఇంటికి వెళ్తాం, చెయ్యి అంటాం గానీ చేతిలో పట్టుకుంటాం. 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో చిన్నయ సూరి ఇలా వచ్చి చేరే ఇ, టి, తి లకు ఔపవిభక్తికాలు అని పేరు పెట్టాడు. ఆ పేరు నీకు గుర్తు లేకపోయినా పర్లేదు, పని మాత్రం రోజుకి వెయ్యి సార్లు చేస్తున్నావు. మీ ఆఫీసులో కన్నడం వినిపిస్తుంది కాబట్టి అదీ గమనించు, 'నాను' అంటారు కానీ కావాలన్నప్పుడు 'ననగె బేకు' అంటారు. 'నానుగె' అని ఎవరూ అనరు.

ఇంగ్లీషువాళ్ళు చేసేదీ అదే. ఐ అనేది మి అవుతుంది, హి అనేది హిమ్, షి అనేది హర్, వి అనేది అస్, దే అనేది దెమ్. యు, ఇట్ అనేవి మారవు, మన 'ఆమె' లాగా. మన కి, తో, కోసం, నుంచి, గురించి, మధ్య అనేవే అక్కడ టు, విత్, ఫర్, ఫ్రమ్, అబౌట్, బిట్వీన్. మనకి అవి మాట వెనక వస్తాయి, వాళ్ళకి ముందొస్తాయి, అందుకే ప్రిపొజిషన్ అనే పేరులో 'ప్రి' ఉంది. విత్ మి అన్నా నాతో అన్నా లోపల జరిగే పని ఒక్కటే, ముందూ వెనకా తేడా. ఆ ప్రిపొజిషనూ, దాని వెనక వచ్చే పేరో సర్వనామమో, రెండూ కలిపితే ప్రిపొజిషనల్ ఫ్రేజ్. 'నాతో' అనేది మనకి ఒక్క మాట, వాళ్ళకి రెండు మాటల ముక్క, అంతకన్నా ఏం లేదు.

మరి 'టు రవి అండ్ ఐ' అని ఎందుకు రాశావు? 'టు ఐ' అని నువ్వు ఎప్పుడూ రాయవు. మధ్యలో రవి దూరాడు, 'టు' నీ మాటకి దూరమైపోయింది, చెయ్యి జారింది. అదే వాక్యం తెలుగులో చెప్పి చూడు. "క్లయింట్ రవితోనూ నాతోనూ మాట్లాడాడు." చూశావా, తెలుగు రెండు చోట్లా 'తో' పెట్టింది. "రవితోనూ నేనూ" అని నిద్రలో కూడా అనలేవు. ఇంగ్లీషులో ఆ 'టు' ఒకసారే పైకి కనిపిస్తుంది కానీ దాని పట్టు ఇద్దరి మీదా ఉంటుంది, రవి మీద ఎంతో నీ మీదా అంతే. కాబట్టి ఇలాంటి జంట వచ్చినప్పుడల్లా తెలుగులో ఒకసారి అనుకో. రవికీ నాకూ, రవితోనూ నాతోనూ, రవినీ నన్నూ. నోట్లో 'నా' గానీ 'నన్ను' గానీ వచ్చిందంటే అక్కడ 'మి'. ('రవికీ నాకూ తెలుసు', 'రవికీ నాకూ కావాలి' లాంటివి మాత్రం వేరు, అక్కడ ఇంగ్లీషులో 'రవి అండ్ ఐ'.) "రవీ నేనూ వెళ్ళాం" అని 'నేను' వచ్చిందంటే 'రవి అండ్ ఐ వెంట్'. "మేనేజర్ కాల్డ్ రవి అండ్ మి" అన్నచోట ప్రిపొజిషన్ లేదు గానీ రవినీ నన్నూ పిలిచాడు కాబట్టి మళ్ళీ మి. అదీ కుదరకపోతే వాక్యంలోంచి రవిని కాసేపు తీసెయ్, మిగిలింది చెవికి ఎలా ఉందో విను.

'మి' మోటు అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, నన్నూ అలాగే దిద్దారు. పిల్లలు 'మి అండ్ రవి వెంట్' అంటారు, టీచర్ 'రవి అండ్ ఐ' అను అంటుంది, ఆ వాక్యంలో ఆమె మాట నిజమే. కానీ ఎందుకో చెప్పదు. పిల్లల బుర్రలో మిగిలేది 'ఐ' మర్యాద, 'మి' మోటు అని. ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాళ్ళలోనే ఎంతోమంది ఇదే భయంతో 'బిట్వీన్ యు అండ్ ఐ' అంటుంటారు, అంటే ఈ తప్పు తెలుగు మీడియం వాళ్ళదీ కాదు, పల్లెటూరి వాళ్ళదీ కాదు. మర్యాద ఉన్నది పక్కవాళ్ళ పేరు ముందు చెప్పి నీది తర్వాత చెప్పడంలో. అది 'రవి అండ్ మి'లోనూ ఉంది.

ఇంకో సంగతి, ఇది తెలిశాక నాకైతే ఇంగ్లీషు మీద కోపం సగం తగ్గింది. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో మన ఇల్లు-ఇంటి లాగే మామూలు పేర్లు కూడా విభక్తిని బట్టి రూపం మార్చుకునేవి. కాలక్రమంలో అది చాలావరకు రాలిపోయి ముఖ్యంగా ఈ సర్వనామాల్లో మిగిలింది. ఇప్పుడు మారని 'యు' కూడా ఒకప్పుడు 'మిమ్మల్ని' వైపు మాటే, కర్త స్థానంలో 'యీ' అనే మాట ఉండేది, 1600ల నాటికి 'యు' దాన్ని తోసేసి రెండు చోట్లా తనే కూర్చుంది. కాబట్టి నువ్వు గుర్తు పెట్టుకోవాల్సింది గట్టిగా ఆరు మాటలు: మి, హిమ్, హర్, అస్, దెమ్, హూమ్.

ఆ ఆఖరిదాని గురించి ఒక్క మాట. హు అంటే ఎవరు, టు హూమ్ అంటే ఎవరికి. సర్టిఫికెట్ల పైన రాసే 'టు హూమ్ ఇట్ మే కన్సర్న్'లో ఉన్నది ఇదే, మన దగ్గర దాన్ని 'హూమ్‌సోఎవర్' అని సాగదీస్తారు, అవసరం లేదు. మాటల్లో మాత్రం 'హు డిడ్ యు స్పీక్ టు' అని ప్రిపొజిషన్ని చివర వదిలేసి హు అన్నా ఎవరూ తప్పు పట్టరు. వాక్యం చివర ప్రిపొజిషన్ ఉండకూడదు అని ఎవరైనా అంటే పట్టించుకోకు, 1672లో జాన్ డ్రైడెన్ అనే కవి అది బాగోదని అభ్యంతరం చెప్పాడు, ఆ తర్వాత వ్యాకరణ పుస్తకాలు దాన్ని రూలుగా పట్టుకున్నాయి, జనం మాత్రం అప్పుడూ ఇప్పుడూ అలాగే మాట్లాడుతున్నారు.

'మి'కి భయపడేవాళ్ళు దాక్కునే ఇంకో చోటు 'మైసెల్ఫ్'. 'ప్లీజ్ కాంటాక్ట్ రవి ఆర్ మైసెల్ఫ్' అని మెయిళ్ళలో చూస్తూనే ఉంటాను. రవినో నన్నో, అంతే కదా, కాబట్టి 'రవి ఆర్ మి'. మైసెల్ఫ్ ఎప్పుడంటే, తెలుగులో 'నన్ను నేను' అనో 'నాకు నేనే' అనో అన్నప్పుడు. 'ఐ టాట్ మైసెల్ఫ్ ఎక్సెల్', ఎక్సెల్ నాకు నేనే నేర్చుకున్నా. ఇంటర్వ్యూలో పేరు చెప్పడానికి మైసెల్ఫ్ వద్దు, 'ఐయామ్' అని మొదలుపెట్టు.

ఇప్పుడు నీ మూడో వాక్యం, 'వన్ ఆఫ్ మై టీమ్‌మేట్ ఆర్ ఫిక్సింగ్ ఇట్'. ఇదీ తెలుగు అడిగితే చెప్పేస్తుంది. "నా ఫ్రెండ్స్‌లో ఒకతి వచ్చింది." ఫ్రెండ్స్‌లో, బహువచనం. ఒక్క మనిషిలోంచి ఒకతిని ఎలా తీస్తాం? గంపలో పది ఉంటేనే ఒకటి తీయగలం. అందుకని 'ఆఫ్' తర్వాత 'టీమ్‌మేట్స్'. ఇక క్రియ సంగతి, "ఒకతి వచ్చింది" అన్నావు, "వచ్చారు" అనలేదు. అంటే క్రియ చూసుకున్నది ఒకతినే, ఫ్రెండ్స్‌ని కాదు. ఇంగ్లీషులోనూ అంతే, 'వన్... ఈజ్'. మధ్యలో ఉన్న 'ఆఫ్ మై టీమ్‌మేట్స్' అనే ముక్క ఎంత పొడుగున్నా క్రియకి దాంతో పని లేదు. 'ద లిస్ట్ ఆఫ్ పెండింగ్ టికెట్స్ ఈజ్ అటాచ్డ్' అనాలి, ఆర్ కాదు, ఎందుకంటే జతపరిచింది లిస్టుని. నాకు ఇది ముందే ఎవరైనా ఇలా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది, రూలుగా వల్లె వేసి వేసి మర్చిపోయాను గానీ 'ఫ్రెండ్స్‌లో ఒకతి' అని ఒక్కసారి అనుకున్నాక మళ్ళీ పొరపాటు పడలేదు.

తెలుగు వల్ల పడ్డ తప్పు రెండో వాక్యంలో ఉంది. 'డిస్కస్డ్ అబౌట్'. మనకి 'గురించి' లేనిదే చర్చ లేదు, దాని గురించి మాట్లాడదాం, దాని గురించి చర్చిద్దాం. ఆ 'గురించి' ఇంగ్లీషులోకి 'అబౌట్'గా దిగిపోతుంది. వాళ్ళ దగ్గర 'టాక్ అబౌట్' ఉంది కానీ 'డిస్కస్' అనే మాట గురించిని తన కడుపులోనే పెట్టుకుంది. నేను మొదటి ఉద్యోగంలో రెండేళ్ళు 'డిస్కస్ అబౌట్' రాశాను, పై అధికారికి తెలుసు, మిగతావాళ్ళకీ తెలుసు, ఎవరూ చెప్పలేదు. చివరికి ఒక సహోద్యోగి మధ్యాహ్నం క్యారియర్ విప్పుకుంటూ, పక్కన ఎవరూ లేనప్పుడు, నెమ్మదిగా చెప్పింది. ఆమె అంటే నాకు ఇప్పటికీ గౌరవం. మీ టీమ్ లీడ్ చెప్పినవి సరైనవే కానీ గ్రూపులో పెట్టి చెప్పడం సరికాదు, ఆ బాధ నీది న్యాయమైనదే.

ఇలా తెలుగు మోసం చేసే చోట్లు కొన్నే ఉన్నాయి, వాటిని విడిగా ఒక కాగితం మీద రాసి పెట్టుకో. పెళ్ళి మనకి ఎవరి'తో'నో అవుతుంది, ఇంగ్లీషులో 'మ్యారీడ్ టు'. కోపం మనకి ఒకరి 'మీద' వస్తుంది, వాళ్ళకి 'యాంగ్రీ విత్'. ఆఫీసు'కి' చేరుకుంటాం కానీ 'రీచ్ టు' లేదు, ఉత్త 'రీచ్'. దీనికి తిరగబడిన సంగతి 'ఎక్స్‌ప్లెయిన్', నాకు చెప్పు అంటే 'టెల్ మి' కదా అని 'ఎక్స్‌ప్లెయిన్ మి' అంటాం, అక్కడ 'ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మి' అనాలి. వీటికి కారణాలు వెతకొద్దు, అరువు తెచ్చుకున్న గిన్నెలా ఎలా ఉందో అలాగే వాడుకోవాలి.

'డిస్కస్డ్'లోంచి అబౌట్ తీసేసినా ఆ వాక్యంలో ఇంకో చిక్కు ఉంది, అది మీ టీమ్ లీడ్ కూడా చూడలేదనుకుంటా. 'వి డిస్కస్డ్ ద ప్రాబ్లమ్ విత్ ద క్లయింట్'. క్లయింట్‌తో కూర్చుని సమస్య చర్చించారా, లేక క్లయింట్‌తో ఉన్న సమస్యని మీలో మీరు చర్చించారా? తెలుగులో 'ఉన్న' అనే చిన్న మాట ఈ తగువు తీర్చేస్తుంది. బల్ల మీద పుస్తకం పెట్టాను, బల్ల మీద ఉన్న పుస్తకం తీశాను. మొదటిదాంట్లో 'బల్ల మీద' అనేది పెట్టడానికి చెందింది, రెండోదాంట్లో పుస్తకానికి. ఇంగ్లీషులో రెండింటికీ 'ఆన్ ద టేబుల్' ఒక్కటే, 'ఉన్న' లాంటి గుర్తు ఉండక్కర్లేదు, చదివేవాడు ఆ ముక్క ఏ మాట పక్కన ఉందో చూసి దానికే తగిలిస్తాడు. అందుకని ప్రిపొజిషనల్ ఫ్రేజ్ రాసినప్పుడల్లా ఇక్కడ 'ఉన్న' అంటానా అననా అని నిన్ను నువ్వే అడుగు. 'ఉన్న' అంటే ఆ పేరు పక్కనే ఉంచు. అనకపోతే ఆ ముక్కని అక్కణ్ణించి జరుపు, లేదా వాక్యమే మార్చు. క్లయింటు చదివే మెయిల్లో 'క్లయింట్‌తో ఉన్న సమస్య' అని ధ్వనిస్తే ఎంత ఇబ్బందో నీకు చెప్పక్కర్లేదు.

'వి' రాసేటప్పుడూ ఇలాంటి జాగ్రత్తే కావాలి. మనకి మనం వేరు, మేము వేరు. ఇంగ్లీషుకి ఆ తేడా లేదు. 'వి నీడ్ టు ఫిక్స్ దిస్' అని నువ్వు 'మేము' అనుకుని రాస్తే, అవతలివాడు 'మనం' అని చదివి నా నెత్తిన కూడా పని పెడుతోందా అనుకోవచ్చు. 'అవర్ టీమ్ విల్ ఫిక్స్ దిస్' అను. అలాగే 'తన'కీ 'అతని'కీ తేడా వాళ్ళకి లేదు. రవి కిరణ్‌కి తన ల్యాప్‌టాప్ ఇచ్చాడంటే మనకి రవిదే అని తెలిసిపోతుంది, 'హిజ్ ల్యాప్‌టాప్' అంటే ఎవరిదైనా కావచ్చు. సిగ్గుపడకుండా పేరు మళ్ళీ రాసెయ్. కస్టమర్ మగో ఆడో తెలియనప్పుడు 'దే' అను, ఒక్కరే అయినా సరే, ఒక్కరినే మనం 'వారు' అనడం లేదూ? 'పంపాను' అంటే మనకి క్రియలోనే నేను ఉంది కాబట్టి 'సెంట్ ద ఫైల్' అని కర్తని మింగేస్తాం, 'సెంట్'లో ఎవరూ లేరు, ఐ పెట్టాలి.

ఇక ఇన్, ఆన్, ఎట్. మనకి అన్నిటికీ 'లో'నో 'దగ్గర'నో సరిపోతుంది కాబట్టి ఇక్కడ తెలుగుని పక్కన పెట్టి ఫోన్లో మ్యాప్ తెరువు. బెంగళూరు మొత్తం ఒక పెద్ద ఆవరణ, దాని లోపల ఉన్నావు, ఇన్ బెంగళూరు. ఔటర్ రింగ్ రోడ్డు ఒక గీత, దాని మీద ఉన్నావు, ఆన్ ఔటర్ రింగ్ రోడ్. సిల్క్ బోర్డు జంక్షన్ ఒక చుక్క, ఎట్ సిల్క్ బోర్డ్. మ్యాప్‌ని దగ్గరికి లాగే కొద్దీ చుక్క కూడా ఆవరణ అవుతుంది, 'ఎట్ ద ఆఫీస్' అంటే ఎక్కడున్నావో చెప్పినట్టు, 'ఇన్ ద ఆఫీస్' అంటే గోడల లోపల. కాలం కూడా అదే లెక్క, గంట చుక్క కాబట్టి ఎట్ నైన్ థర్టీ, రోజుకి ఆన్ మండే, నెలకీ ఏడాదికీ ఇన్ జూలై, ఇన్ 2024. 'ఎట్ నైట్' ఒకటి లెక్క తప్పుతుంది. ముందు 'నెక్స్ట్' గానీ 'దిస్' గానీ ఉంటే ఏదీ వద్దు, 'నెక్స్ట్ మండే' అంటే చాలు, మనం 'వచ్చే సోమవారం' అన్నట్టే. బండ్ల సంగతి తమాషాగా ఉంటుంది, లేచి నిలబడి నాలుగడుగులు వేయగలిగితే ఆన్: ఆన్ ద బస్, ఆన్ ద ట్రెయిన్, ఆన్ ద మెట్రో. ముడుచుకుని కూర్చోవాల్సిందే అయితే ఇన్: ఇన్ ద కార్, ఇన్ ద ఆటో. రేపు లేటయితే 'ఐయామ్ ఆన్ ద బస్, స్టక్ ఎట్ సిల్క్ బోర్డ్' అని రాయి, రెండూ సరిపోతాయి.

తలుపు కొట్టినప్పుడు లోపలివాళ్ళు ఎవరు అంటే మనం 'నేనే' అంటాం, వాళ్ళు 'ఇట్స్ మి' అంటారు. ఇక్కడ నా లెక్క పనిచేయదు, 'ఇట్స్ మి' అనే అను.

నీ మెయిల్ నేనైతే ఇలా రాస్తాను: 'ద క్లయింట్ స్పోక్ టు రవి అండ్ మి ఆన్ మండే. వి ఎక్స్‌ప్లెయిన్డ్ ద పేమెంట్ ప్రాబ్లమ్ టు దెమ్. వన్ ఆఫ్ మై టీమ్‌మేట్స్ ఈజ్ ఫిక్సింగ్ ఇట్.' పేమెంట్ అన్నది నా ఊహ, అక్కడ అసలు సమస్య పేరు పెట్టు, రోజు కూడా సరిచూసుకో. రెండో వాక్యంలో డిస్కస్ తీసేశాను, ఎందుకో నీకే తెలుస్తుంది. తర్వాత రాసే మెయిల్ పంపించే ముందు నాకు పెట్టు, గ్రూపులో కాదు, విడిగా చూసి చెప్తా.